బలవంతుడెవరు? గోదా నుండి పంజరం దాకా





ఇటీవల జుమా నమాజు ముగిశాక ఒక తండ్రి మమ్మల్ని పక్కకు పిలిచి తన మనసులోని బాధ చెప్పుకున్నారు. పదిహేడేళ్ల వారి అబ్బాయి రోజూ సాయంత్రం 'మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్' శిక్షణకు వెళుతున్నాడు. ఇంతవరకూ ఫరవాలేదు. ఇప్పుడు పోటీకి దిగుతానంటున్నాడు. నాలుగువైపులా జాలీ బిగించిన పంజరంలో ఇద్దరు దిగి గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ కలిపి పోరాడే పోటీ అది. తల్లి ఏడుస్తోంది. తండ్రి వద్దంటే అబ్బాయి ఇలా అడిగాడట: "దాదాజాన్ కుస్తీ పడితే ఊరంతా గొప్పగా చెప్పుకుంది. నేను పంజరంలోకి దిగితే తప్పెలా అవుతుంది అబ్బా?"

"హజ్రత్, మీరైనా జవాబు చెప్పండి" అన్నారు ఆ తండ్రి. నిజం చెప్పాలంటే ఆ క్షణాన మా దగ్గర కూడా జవాబు సిద్ధంగా లేదు. వారం రోజుల గడువు అడిగి, చదివి, పెద్దలతో చర్చించి, తెలుసుకున్నది ఇక్కడ మీ ముందుంచుతున్నాం. ఎందుకంటే ఈ ప్రశ్న ఇప్పుడు ఒక్క ఇంటిది కాదు.

బలహీనతను ఇస్లాం మెచ్చుకోలేదు

మొదట ఒక అపోహ తొలగించుకోవాలి. దైవభక్తి అంటే శరీరాన్ని నిర్లక్ష్యం చేయడమని కొందరు అనుకుంటారు. విశ్వాసులందరిలో మేలున్నప్పటికీ, బలవంతుడైన విశ్వాసి బలహీనుడైన విశ్వాసి కంటే శ్రేష్ఠుడని, అల్లాహ్‌కు ఎక్కువ ప్రీతిపాత్రుడని దైవప్రవక్త (సఅసం) బోధించారు (ముస్లిం). మస్జిదె నబవీ ఆవరణలోనే అబిసీనియా వారు ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే ఆయన వారించలేదు. పైగా హజ్రత్ ఆయిషా (రజి)కు ఆ ప్రదర్శన చూపించారు (బుఖారీ).

ఉహుద్ యుద్ధానికి ముందు జరిగిన ఒక సంఘటనను సీరత్ గ్రంథాలు పేర్కొన్నాయి. చిన్నవాడైన రాఫె బిన్ ఖదీజ్ (రజి) విలువిద్యలో దిట్ట అని తెలిసి ప్రవక్త (సఅసం) ఆయనకు అనుమతినిచ్చారు. అప్పుడు సమురా బిన్ జుందుబ్ (రజి) కుస్తీలో తాను రాఫెను పడగొట్టగలనని చెప్పుకున్నారు. ఇద్దరికీ కుస్తీ పెట్టారు. సమురా గెలిచి అనుమతి పొందారు. మక్కాలో పేరుమోసిన మల్లుడు రుకానాను ప్రవక్త (సఅసం) స్వయంగా కుస్తీలో ఓడించారన్న ఉల్లేఖనం కూడా అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. దాని పరంపరపై హదీసువేత్తలు చర్చించారు. ఏమైనా, కుస్తీ అనే విద్య మన ధర్మానికి పరాయిది కాదన్నది స్పష్టం.

కాబట్టి ఆ అబ్బాయి వ్యాయామం చేయడం, ఆత్మరక్షణ నేర్చుకోవడం తప్పు కాదు. మాట్లాడవలసింది పోటీ గురించి.

మట్టి గోదాలో నేర్పిన పాఠం

పాత తాలింఖానాలో ఏం జరిగేదో కొంచెం గుర్తు చేసుకుందాం. కుర్రవాడు ఫజ్ర్ తర్వాత గోదాకు వచ్చేవాడు. మట్టి తవ్వి మెత్తగా చేసేవాడు. ఉస్తాద్‌కు సలాం చేసి దండీలు, బైఠక్‌లు తీసేవాడు. పట్టు నేర్చుకోవడానికి ముందు సేవ నేర్చుకునేవాడు. కుస్తీలో గుద్దు లేదు, తన్ను లేదు. ప్రత్యర్థి వీపును నేలకు ఆనించి చిత్తు చేస్తే ఆట ముగిసింది. ఓడినవాడు లేచి మట్టి దులుపుకుని గెలిచినవాణ్ణి కౌగిలించుకునేవాడు.

ఈ విద్యలో ఉపఖండం చూసిన అగ్రగణ్యుడు గామా పహిల్వాన్. అసలు పేరు గులాం ముహమ్మద్ బఖ్ష్. 1878లో పుట్టారు. 1910 సెప్టెంబరు 10న లండన్‌లో పోలండ్ మల్లుడు జ్బిష్కోతో తలపడ్డారు. జ్బిష్కో నేలకు కరుచుకుని రెండున్నర గంటలు గడపడంతో ఫలితం తేలలేదు. వారం తర్వాత జరగవలసిన మలిపోటీకి అతను రానేలేదు. 1928లో పటియాలాలో ఇద్దరూ మళ్ళీ కలుసుకున్నప్పుడు గామా నిమిషంలోపే అతణ్ణి పడగొట్టారు.

అయితే మేము ఆయనను తలచుకునేది ఈ విజయాల కోసం కాదు. 1947లో దేశవిభజన మంటల్లో లాహోరు కాలిపోతున్నప్పుడు ఆయన తన వీధిలోని హిందూ కుటుంబాలకు అండగా నిలిచారు. దాడికి వచ్చిన మూకకు అడ్డం పడి ప్రాణాలు కాపాడారు. జీవితాంతం మట్టిలో పెంచుకున్న బలం ఆ రోజు దాని అసలు పనికి ఉపయోగపడింది.

పంజరం పోటీ ఎలా వచ్చింది?

1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్ నగరంలో 'అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్' మొదటి పోటీ జరిగింది. బాక్సింగ్, కరాటే, సుమో, జుజుత్సు వంటి వేర్వేరు విద్యల వాళ్ళను ఒకే పంజరంలోకి దింపి ఏ విద్య గొప్పదో తేల్చుకోమన్నారు. బరువు విభాగాలు లేవు. నియమాలు కూడా చాలా తక్కువ. బ్రెజిల్‌కు చెందిన రాయిస్ గ్రేసీ తనకంటే బరువైన వాళ్ళను సైతం పట్లతో లొంగదీసి ఆ రాత్రి గెలిచాడు.

ఆ తర్వాత విమర్శలు రావడంతో 2000 దశకం ఆరంభంలో ఉమ్మడి నియమాలు వచ్చాయి. బరువు విభాగాలు, చేతి తొడుగులు, ఐదేసి నిమిషాల రౌండ్లు, వైద్యుల పర్యవేక్షణ ఏర్పడ్డాయి. కళ్ళలో పొడవడం, తలతో కొట్టడం నిషేధించారు. ఓటమి ఒప్పుకోదలచినవాడు చేత్తో తట్టితే చాలు, పోటీ ఆగిపోతుంది. ఈ మంచిని కాదనడం న్యాయం కాదు.

అబ్బాయిలు చెప్పే మరో మాటలో కూడా నిజముంది. 2017లో చైనాలోని చెంగ్దూ నగరంలో తాయ్‌చీ గురువు ఒకరు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ యోధుడు షూ షియావోడాంగ్‌తో తలపడి అర నిమిషంలోపే ఓడిపోయారు. పరీక్షకు నిలబడని గొప్పలు పాత విద్యల్లో చాలా చేరాయి. శిష్యుడు ఉస్తాద్‌ను ప్రశ్నించకపోవడం కూడా అందుకు కారణమే. పాతదైనంత మాత్రాన ప్రతిదీ పవిత్రం కాదు. సత్యం చెప్పడమే విశ్వాసి ధర్మం.

ముఖంపై కొట్టకండి

అయితే ఏ విద్య గెలుస్తుందన్నది ఒక ప్రశ్న. ఏ పోటీ ధర్మసమ్మతం అన్నది వేరొక ప్రశ్న. పోరాట సమయంలో సైతం ముఖాన్ని వదిలివేయాలని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు (బుఖారీ, ముస్లిం). ఆదం సంతతికి తాము గౌరవం ప్రసాదించామని అల్లాహ్ దివ్యఖుర్ఆన్‌లో తెలియజేశాడు (17:70). పంజరం పోటీలో ముఖం మీద, తల మీద కొట్టడం పొరపాటున జరిగే పని కాదు, గెలుపుకు అది ప్రధాన మార్గం. ఎదుటివాడు స్పృహ తప్పి పడిపోతే ప్రేక్షకులు లేచి కేకలు వేస్తారు. పడిపోయినవాడు కూడా ఒక తల్లి బిడ్డే కదా!

తలపై పదే పదే తగిలే దెబ్బలు మెదడును దెబ్బతీస్తాయని అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే బాక్సర్ల విషయంలో రాశారు. ప్రమాదం పంజరం బయట కూడా ఉంది. తక్కువ బరువు విభాగంలో చేరడం కోసం శరీరంలోని నీటిని తోడేసుకోవడం ఈ రంగంలో మామూలు. 2015 డిసెంబరులో మనీలాలో పోటీకి వచ్చిన 21 ఏళ్ల చైనా యువకుడు అలా బరువు తగ్గించుకుంటూ అస్వస్థుడై మరణించాడు. మీ చేతులారా మిమ్మల్ని మీరు వినాశంలోకి నెట్టుకోవద్దన్న అల్లాహ్ హెచ్చరిక (2:195) ఇక్కడ గుర్తుకు రావద్దా?

మక్కాలోని రాబితా ఆధ్వర్యంలో పనిచేసే ఫిఖ్హ్ మండలి 1987లో తన పదవ సమావేశంలో బాక్సింగ్‌ను నిషిద్ధంగా తీర్మానించింది. పరస్పరం హాని చేసుకోవడాన్ని అనుమతించే కుస్తీకి కూడా అదే తీర్పు వర్తింపజేసింది. హాని లేకుండా కేవలం వ్యాయామం కోసం పట్టే కుస్తీకి అభ్యంతరం చెప్పలేదు. దాదా పట్టిన కుస్తీకీ మనవడు కోరే పోటీకీ మధ్య ఉన్న గీత సరిగ్గా ఇదే. దీనికి తోడు సతర్ పాటించని దుస్తులు, జూదం కంపెనీల పందేలు, మద్యం ప్రకటనలు, ప్రత్యర్థి తల్లిదండ్రులను సైతం దూషించే ప్రచారం ఆ పోటీల చుట్టూ అల్లుకుని ఉన్నాయి.

ఒక యోధుడి జీవితం చెప్పే మాట

"మరి ఖబీబ్ సంగతేమిటి? ఆయన ముస్లిం కాడా?" అని మన పిల్లలు అడుగుతారు. దాగిస్తాన్‌కు చెందిన ఖబీబ్ నుర్మగొమెదోవ్ 29 పోటీల్లో ఒక్కటీ ఓడలేదు. మేము ఆయన లోపాలు వెతకడం లేదు. మనందరి లోపాలూ అల్లాహ్‌కు తెలుసు. కానీ లోకమంతా చూసిన విషయంలో గుణపాఠం ఉంది.

2018 అక్టోబరు 6న లాస్ వేగాస్‌లో ఆయన కానర్ మెక్‌గ్రెగర్‌ను నాలుగో రౌండులో లొంగదీశారు. పోటీకి ముందు నెలల తరబడి ఆయన మతాన్ని, తండ్రిని, దేశాన్ని ఎగతాళి చేశారు. గెలిచిన మరుక్షణంలో ఆయన కోపం ఆపుకోలేక జాలీ దూకి ప్రత్యర్థి బృందంలోని వ్యక్తిపై పడ్డారు. తొమ్మిది నెలల నిషేధం, 5 లక్షల డాలర్ల జరిమానా పడ్డాయి. ఆ రాత్రే ఆయన క్షమాపణ చెప్పుకున్నారు. ఆయనకు విద్య నేర్పిన తండ్రి అబ్దుల్ మనాప్ కొడుకు గెలుపును చూసి మురిసిపోలేదు. తనకు క్రమశిక్షణే ముఖ్యమని, అందరికన్నా కఠినమైన శిక్ష తానే వేస్తానని బహిరంగంగా చెప్పారు.

ఎదుటివాణ్ణి పడగొట్టేవాడు బలవంతుడు కాడని, కోపం వచ్చినప్పుడు తనను తాను అదుపులో ఉంచుకునేవాడే బలవంతుడని దైవప్రవక్త (సఅసం) బోధించారు (బుఖారీ, ముస్లిం). పంజరంలోని పోరు గెలిచిన యోధుడికి ఆ రాత్రి కోపంతో పోరు ఎంత కష్టమైందో చూడండి. అంతటివాడికే కష్టమైతే, పదిహేడేళ్ల మన పిల్లవాడి సంగతేమిటి?

2020 జూలైలో ఆ తండ్రి మరణించారు. అక్టోబరు 24న అబూ ధాబీలో చివరి పోటీ గెలిచి ఖబీబ్ అక్కడికక్కడే విరమణ ప్రకటించారు. తండ్రి లేకుండా ఇక పోరాడనని తల్లికి మాట ఇచ్చానన్నారు. అప్పటికి ఆయన వయసు 32 ఏళ్లే. మన పిల్లలు ఆయనలో చూసి నేర్చుకోవలసింది ఈ ఘట్టం.

మన ఇంటి తప్పు కూడా ఉంది

పెద్దలమైన మనం కూడా ఆత్మపరిశీలన చేసుకోవాలి. తాలింఖానాలు మూతపడుతుంటే మనం చూస్తూ ఊరుకున్నాం. కొన్నిచోట్ల 'పహిల్వాన్' అనే మాట భూతగాదాల్లో బెదిరింపులకు మారుపేరైంది. ఉస్తాద్ లేని చోట పిల్లవాడు సెల్‌ఫోన్‌నే ఉస్తాద్ చేసుకున్నాడు. ఇప్పుడు వాణ్ణొక్కణ్ణే తిట్టి ప్రయోజనమేమిటి?

కాబట్టి తల్లిదండ్రులకు మా మనవి ఇది. పిల్లవాణ్ణి కసరత్తు మానమనకండి. కుస్తీ, జూడో వంటి, గుద్దులు లేని విద్యల్లో మంచి గురువు దగ్గర చేర్చండి. దుస్తులు మోకాళ్ళ దాకా ఉండాలని, అజాన్ వినగానే సాధన ఆపాలని, పందెం జోలికి పోరాదని మాట తీసుకోండి. అమ్మాయిలకు మహిళా శిక్షకుల ద్వారా ఆత్మరక్షణ నేర్పించండి. నెలకొకసారి శిక్షణ కేంద్రానికి వెళ్ళి స్వయంగా చూడండి. మూడు నెలల తర్వాత వాడి కండలు కాదు, వాడి నాలుక ఎలా ఉందో గమనించండి. చెల్లెలితో, అమ్మతో మాట మెత్తబడితే ఆ విద్య మంచిదే. కరుకుగా మారితే ఆ గురువును మార్చండి.

ఆ తండ్రి మరుసటి జుమాకు అబ్బాయిని వెంటబెట్టుకు వచ్చారు. పై విషయాలన్నీ చెప్పాం. తల వంచుకుని విన్నాడు. మధ్యలో "గెలవాలన్న కోరికే తప్పా హజ్రత్?" అని అడిగాడు. "తప్పు కాదు బాబూ, సమురా కూడా గెలవాలనే కోరుకున్నారు. కానీ ఎదుటివాడి ముఖం చెడగొట్టకుండా గెలిచే దారి ఉండగా, చెడగొట్టే దారి ఎందుకు?" అన్నాం. వెంటనే ఒప్పుకోలేదు. ఆలోచిస్తానన్నాడు. వెళ్తూ వెళ్తూ వాకిట్లో తండ్రి చెప్పులు వంగి సరిచేసి పెట్టాడు. మాకు చాలా ఆశ కలిగింది.

బలం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. యౌవనాన్ని దేనికి ఖర్చు చేశావని రేపు ప్రళయదినాన అడగబడతాం. ఓ అల్లాహ్! మా పిల్లల భుజాలకు బలాన్ని, హృదయాలకు సహనాన్ని ప్రసాదించు. వారిని బలహీనులకు అండగా నిలిచేవారిగా తీర్చిదిద్దు. కోపం మీద గెలుపును మాకందరికీ అనుగ్రహించు. ఆమీన్.