పారవేసిన సంచి యెవరిది?

గృహస్థుడు తాను వాడిన వస్తువునకు ఎంతవరకు బాధ్యుడు? మూల్యమిచ్చి కొంటిమి; వాడుకొంటిమి; వీధిలో పారవైచితిమి. అంతటితో మనకును దానికిని గల సంబంధము తీరిపోయినదని లోకులు తలచుచున్నారు. ఈ తలంపు ధర్మసమ్మతమగునా యని విచారించుట యావశ్యకము.

పూర్వము మన యంగళ్లలో పప్పు, బెల్లము, చింతపండు కాగితపు పొట్లములుగ కట్టి, పురికొసతో బిగించి యిచ్చెడివారు. ఆ కాగితము పిదప పొయ్యి రాజేయుటకో పెంటకుప్పకో పోయెడిది. పురికొస మేకునకు వ్రేలాడి మరల నక్కఱకు వచ్చెడిది. భోజనము చేసిన విస్తరియు మట్టిలో కలిసిపోయెడిది. పారవైచినదానిని భూమి స్వీకరించుచుండుటచేత నాడు పారవేయుట దోషము కాకుండెను. అలవాటు నాటిదే, వస్తువు మాత్రము మాఱినది.

1933లో ఇంగ్లండునందలి యొక ప్రయోగశాలలో పాలిథీను తలవని తలంపుగా బయల్పడెను. నేటి పిడి గల సంచికి స్వీడను దేశపు సెల్లోప్లాస్ట్ సంస్థ 1965లో పేటెంటు పొందెను. తేలికగ నుండుట, చౌకగ దొరకుట, నీటికి చెడకుండుట దాని గుణములు. ఆ చెడకుండుటయే దాని దోషము. ఎండకు పెళుసెక్కి నలుసులగునే కాని మట్టిలో జీర్ణము కాదు. అంగడినుండి యింటికి వచ్చు పావుగంట ప్రయోజనమునకై మన మనుమల కాలమును దాటి నిలుచు వస్తువును వాడుట వివేకమా?

“అది యుచితముగనే వచ్చుచున్నది గదా” యందురు. మనమీయని మూల్యమును మఱియొకరు చెల్లించుచున్నారు. మురుగుకాలువకు అడ్డుపడిన సంచులను చేతితో తీయు పారిశుద్ధ్య కార్మికుడు చెల్లించుచున్నాడు. ఎంగిలి యన్నము కట్టి విసరిన సంచిని ముడి విప్పలేక యట్లే మ్రింగి, కడుపుబ్బి చచ్చు ఆవు చెల్లించుచున్నది. ఉదయము గోపూజ చేసి, సాయంకాలమట్టి మూటను వీధిలోనికి విసరువారి భక్తిని ఏమనవలెను?

బంగ్లాదేశమున 1988, 1998 సంవత్సరముల వరదలు తీవ్రమగుటకు సంచులు కాలువలను మూయుటయు నొక కారణమని గుర్తించి, 2002లో వానిని నిషేధించిరి. మన దేశమున ఒక్కసారి వాడి పారవైచు ప్లాస్టిక్ వస్తువులలో కొన్నింటిని 2022 జూలై 1 నుండి నిషేధించిరి. పలుచని సంచులకును నిషేధము గలదు. అయినను సంతలో నవి దొరకుచునే యున్నవి. అడుగువారున్నంతకాలము ఇచ్చువారుందురు. శాసనము అంగడి గుమ్మమువఱకే రాగలదు; ఇంటిలోని యలవాటును మార్చుకొనవలసినవారము మనమే.

కావున కాగితపు పొట్లమునకు మరలుట మేలు. కాని కాగితము దోషరహితమని భ్రమపడరాదు. దానికై చెట్లు కూలవలెను. నీరు విస్తారముగ వ్యయము కావలెను. అచ్చుపత్రికలో వేడి బజ్జీలు కట్టుటయు తగదు. సిరాలోని రసాయనములు ఆహారమున చేరునని భారత ఆహార భద్రతా ప్రమాణాల ప్రాధికార సంస్థ 2016లోనే హెచ్చరించినది. ప్లాస్టిక్ సంచికి మాఱుగ కాగితపు సంచిని తెచ్చి, దానిని సైతము ఒక్కసారి వాడి విసరితిమేని, దోషము రూపు మాఱునే కాని తొలగదు.

ఇందుకొక క్రమము గలదు. మొదట ఇంటినుండి గుడ్డసంచియు, నూనెకును పెరుగునకును పాత్రయు తీసికొనిపోవలెను. అవి చాలనిచోట అచ్చులేని కాగితమో, ఆకో గ్రహింపవలెను. ఆ కాగితమునైనను చినుగువఱకు వాడవలెను. ఇందు కష్టమేమియు లేదు. కొంచెము జ్ఞాపకమును, కొంచెము ఓపికయు కావలెను.

చదువరులారా! పారవైచినంతమాత్రమున వస్తువు మనది కాకపోదు. అది మట్టిలో కలియువఱకు, లేదా మఱియొకరికి ఉపయోగపడువఱకు, దాని బాధ్యత మనదే. ఇంటి యజమానియు గృహిణియు ఈ నియమమును పాటించినచో, పిల్లలకు వేఱుగ బోధింప నక్కఱలేదు. వారు చూచియే నేర్చుకొందురు.