పచ్చని నేల – నిలువ నీడ

నగర శివార్లలో నివసించేవారికి ఈ దృశ్యం కొత్తది కాదు. కాలనీ చివర కొన్ని ఎకరాల నేల. నాలుగు తుమ్మచెట్లు, రెండు వేపలు, వానాకాలం నిండి వేసవిలో ఎండిపోయే ఒక కుంట. ఉదయం నడకకు వచ్చే వృద్ధులు, మధ్యాహ్నం మేకలను తోలుకొచ్చే కాపరి, సాయంత్రం క్రికెట్ ఆడే పిల్లలు. ఒకనాడు అక్కడ గృహ సముదాయ నిర్మాణాన్ని ప్రకటిస్తూ బోర్డు వెలుస్తుంది. వారం తిరగకుండా సంతకాల సేకరణ మొదలవుతుంది. వినతిపత్రంలో వాననీరు, పక్షులు, రోడ్డు రద్దీ, మురుగు కాలువ సామర్థ్యం ప్రస్తావనకు వస్తాయి. ప్రస్తావనకు రానివి రెండు: తమ ఇళ్ల ధర, రాబోయేవారు ఎటువంటివారో అన్న శంక.

ఆ వినతిపత్రాన్ని అందుకున్న అధికారికి సహజంగా కలిగే భావం ఒకటే. ఇల్లున్నవాడు ఇల్లు లేనివాణ్ణి అడ్డుకుంటున్నాడు. పైగా, అడ్డుకుంటున్నవారి కాలనీ కూడా ఇరవై ఏళ్ల కిందట ఎవరిదో జొన్నచేను. కనుక ఇది స్వార్థమని తేల్చి, కాగితాన్ని దస్త్రంలో పెట్టడం సులభం. అయితే స్వార్థపరుడు చెప్పినంత మాత్రాన ఒక మాట అసత్యమవుతుందా? ప్రమాణాలను విడదీసి చూసిన న్యాయశాస్త్రం ఇక్కడ అక్కరకు వస్తుంది. శబ్దప్రమాణంలో చెప్పేవాడు ఆప్తుడా కాడా అన్నది ముఖ్యం. అనుమానప్రమాణంలో అది అప్రస్తుతం; హేతువు నిలుస్తుందా లేదా అన్నదే చూడాలి. ‘ఈ నేల వాననీటిని ఇంకించుకుంటుంది, దీన్ని కప్పివేస్తే దిగువ వీధులు మునుగుతాయి’ అనే వాదం ఎవరి నోట వచ్చినా కొలిచి చూడదగినది. ‘ఇక్కడి ప్రశాంతత చెడుతుంది’ అనే వాదం అటువంటిది కాదు. అక్కడ చెప్పేవాని మనసును కూడా పరీక్షించక తప్పదు. ఒకే వినతిపత్రంలో ఈ రెండు జాతుల వాక్యాలు పక్కపక్కనే ఉంటాయి. రెండవ జాతి వాక్యాల మీది విసుగుతో మొదటి జాతివాటిని కూడా తోసివేయడం పాలనలో తరచు జరిగే పొరపాటు.

ఈ సమస్య లోతును తెలుసుకోవడానికి సర్వోన్నత న్యాయస్థానపు తీర్పులు రెండింటిని కలిపి చదవాలి. రెండింటిలోనూ ధర్మాసనానికి నాయకత్వం వహించినవారు తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి. రెండింటి మధ్య వ్యవధి దాదాపు ఒక సంవత్సరం. 1994 చివర వెలువడిన వీరేందర్ గౌర్ కేసు హర్యానాలోని థానేసర్ పట్టణానికి సంబంధించినది. పట్టణ ప్రణాళిక ప్రకారం ఖాళీగా ఉంచవలసిన స్థలాన్ని ధర్మశాల కట్టుకొనడానికి ఒక సంస్థకు లీజుకిచ్చారు. ధర్మశాల చెడ్డ పని కాదు, బాటసారికి నీడనిచ్చేది. అయినా న్యాయస్థానం ఆ లీజును అంగీకరించలేదు. స్వచ్ఛమైన గాలి, నీరు, పరిసరాలు జీవించే హక్కులో భాగమని చెప్పింది. 1995 చివర వచ్చిన చమేలీ సింగ్ కేసు ఉత్తరప్రదేశ్‌కు చెందినది. అక్కడ షెడ్యూల్డు కులాలవారి ఇళ్ల కోసం కొందరి భూమిని ప్రభుత్వం అత్యవసర నిబంధన కింద, అభ్యంతరాల విచారణ కూడా జరపకుండా సేకరించింది. భూమి పోతే జీవనోపాధి పోతుందని యజమానులు వాదించారు. నివాసం కూడా జీవించే హక్కులో భాగమేనని చెబుతూ న్యాయస్థానం ఆ సేకరణను సమర్థించింది. దశాబ్దాలుగా గూడు లేక ఎదురుచూస్తున్నవారి విషయంలో ఆలస్యమే ఒక అన్యాయమని ఆ తీర్పు తాత్పర్యం.

ఒకే రాజ్యాంగ అధికరణం, ఒకే న్యాయమూర్తి. ఒకచోట కట్టవద్దని, మరొకచోట కట్టుకోమని. ఇందులో వైరుధ్యం ఉన్నదని పైపైన తోచవచ్చు. చెట్టుకూ ఇంటికీ మధ్య పోటీగా చూసినంతకాలం అది వైరుధ్యంగానే కనబడుతుంది. థానేసర్‌లో స్థలం ఊరికే ఖాళీగా పడి ఉన్నది కాదు. ప్రణాళిక అమలయినప్పుడు అక్కడివారు తమ భూముల్లో కొంత వదులుకున్నారు. అలా వదులుకున్నందుకు ప్రతిగా బహిరంగ స్థలం ఉంటుందన్న మాట వారికి దక్కింది. ఆ మాటను, ఎంత మంచి కారణంతోనైనా సరే, ఏకపక్షంగా వెనక్కు తీసుకోవడం కుదరదు. చమేలీ సింగ్ కేసులో భూస్వాములకు అటువంటి మాట ఎవరూ ఇవ్వలేదు. వారికి పరిహారం ఉంది. ఇళ్లు లేనివారికి అది కూడా లేదు. కాబట్టి పరిశీలించవలసినది ఆ నేల మీద ఏముందన్నది ఒక్కటే కాదు, ఆ నేల విషయంలో ఎవరు ఎవరికి మాట ఇచ్చారన్నది. 1991లో బెంగుళూరు ఉద్యానవనం కేసులో కూడా ఇదే జరిగింది. పార్కుగా నిర్దేశించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కు ఇవ్వడాన్ని ప్రశ్నించే హక్కు ఆ పరిసరవాసులకు ఉన్నదని న్యాయస్థానం గుర్తించింది. వైద్యశాల అవసరమే; అయితే పార్కు మరొకరి సొత్తు.

ఎవరూ ఏ మాటా ఇవ్వని నేల సంగతి ఇంత సులభం కాదు. దీనికి హైదరాబాదు చరిత్రలోనే ఉదాహరణ ఉన్నది. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్న తరువాత విశ్వేశ్వరయ్య సూచనల మేరకు రూపొందిన జలాశయాలు ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయినవి. ఈ రెండింటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడేందుకు 1996 మార్చిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వును జారీ చేసింది. పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో పరిశ్రమలకు, పెద్ద హోటళ్లకు, నివాస కాలనీలకు నిషేధం. ఆ పరిధిలో ఒక పరిశ్రమకు ఇచ్చిన మినహాయింపును 2000లో సర్వోన్నత న్యాయస్థానం తోసిపుచ్చింది కూడా. పర్యావరణ దృష్టితో చూస్తే దేశంలోని మంచి ఉత్తర్వులలో ఇదొకటి.

గ్రామాల దృష్టి వేరు. శివారు వివాదాలలో సాధారణంగా స్థానికులు పచ్చదనం కావాలంటారు, బయటివారు కట్టడాలు కావాలంటారు. ఇక్కడ పాత్రలు తారుమారైనవి. పచ్చదనం కోరినవారు నగరవాసులు. ఆంక్షలు తొలగించమన్నవారు గ్రామస్థులు. వారి ప్రశ్నకు సూటియైన జవాబు ఎన్నడూ రాలేదు. నగరం తాగే నీటి కోసం తమ పొలం పొలంగానే ఉండాలన్నప్పుడు, ఆ త్యాగానికి నగరం చెల్లించినదేమిటి? నీటి బిల్లులో ఆ 84 గ్రామాల పేరిట ఒక్క పైసా లేదు. ఇవ్వని మాటను నిలబెట్టుకొమ్మని వారిని నిర్బంధించినట్లయింది. తరువాత కృష్ణా, గోదావరి జలాలు నగరానికి చేరినవి. ఈ జలాశయాల మీద ఆధారపడటం తగ్గిందన్న కారణంతో 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వు ఆ ఆంక్షలను తొలగించింది. అప్పటిదాకా భూమిని నిలుపుకోగలిగినవానికి లాభం. పెండ్లికో వైద్యానికో అంతకుముందే ఆంక్షల ధరకు అమ్ముకున్న రైతుకు శూన్యం. 1996లో పరిహారపు పద్ధతి ఒకటి ఏర్పరచి ఉంటే, కాపాడాలన్న కోరిక గ్రామాలలో కూడా పుట్టి ఉండేదేమో! నీటికి గల కారణం పోయినా వరదకు గల కారణం పోలేదన్న సంగతి కూడా అప్పుడు మరింత మంది చెవిన పడేది. 2020 అక్టోబరులో నగరం మునిగిన జ్ఞాపకం అప్పటికి రెండేళ్లు కూడా నిండనిది.

ఇక్కడ భాష చేసే అపకారాన్ని కొంత చెప్పుకోవాలి. బంజరు, పోరంబోకు అనే మాటలు శిస్తు రాని నేలకు పెట్టిన పేర్లు. శిస్తు రానిది పనికిరానిదిగా, పనికిరానిది ఎవరిదీ కానిదిగా క్రమంగా అర్థం మారిపోయింది. తెలంగాణలో ‘కంచ’ అంటే పశువుల మేతకు విడిచిన నేల. 2025లో కంచ గచ్చిబౌలిలోని నాలుగువందల ఎకరాలలో చెట్ల నరికివేత మొదలై, విద్యార్థుల నిరసన, సర్వోన్నత న్యాయస్థానం జోక్యం జరిగినప్పుడు దేశమంతా ఆ పేరును ఉచ్చరించింది. దాని అర్థాన్ని పట్టించుకున్నవారు మాత్రం కొద్దిమంది. పూర్వుల లెక్క మరొక విధంగా ఉండేది. సప్తసంతానాలలో చెరువునూ వనాన్నీ పుత్రునితో సమానంగా చేర్చారు. అందులో అగ్రహారం కూడా ఉన్నది, అనగా గృహనిర్మాణం. వాడ మాత్రం లేదు. ఏడింటినీ గర్వంగా వల్లించేటప్పుడు ఈ లోటును కూడా గుర్తించడం మంచిది. చమేలీ సింగ్ తీర్పు పూరించబూనినది ఈ లోటునే.

కనుక ‘ఇక్కడ వద్దు’ అనే హక్కు పరిసరవాసులకు ఉన్నది. దానితోపాటే వారి మీద ఒక బాకీ కూడా పడుతుంది. ‘అయితే ఎక్కడ?’ అన్న ప్రశ్నకు వారు సమాధానం చెప్పాలి. ఊరి ఆవల మరో ఇరవై కిలోమీటర్లు చూపించడం సమాధానం కాదు. అది మరొకరి పచ్చికను చూపించడమే. తమ వీధిలో మరో రెండంతస్తులకు ఒప్పుకోవడం, ఖాళీగా బీగం పడి ఉన్న ఫ్లాట్ల మీద పన్ను పెంచితే ఎదురుచెప్పకపోవడం, కొత్తగా వచ్చే పిల్లలకు తమ బడిలో చోటివ్వడం వంటివి సమాధానాలు. కుంటను కాపాడమని సంతకం చేసిన చేతితోనే వీటి కింద కూడా సంతకం చేయగలవారి మాటకు ఆప్తవాక్యపు బరువు వస్తుంది. నిర్మాణం కోరేవారికీ ఇదే పరీక్ష వర్తిస్తుంది. గూడు లేనివారి పేరు చెప్పి మొదలైన పథకంలో చివరకు గూడు లేనివారు కొనగలిగిన ఇళ్లు ఎన్ని? ఈ లెక్క తేలకముందే అవసరం అనే మాటను వాడటం ఆ పేదల పేరును అరువు తెచ్చుకోవడమే.

భూవినియోగం మార్చే ముందు ప్రకటన వెలువరించి, నిర్ణీత గడువులోగా అభ్యంతరాలను ఆహ్వానించడం ఆనవాయితీ. కాలనీ సంఘంవారు అచ్చువేసిన పత్రాలతో వస్తారు. స్థిరాస్తి సంస్థ తరఫున న్యాయవాది వస్తాడు. మేకల కాపరి ఆ ప్రకటన చదివి ఉండడు. ఆ ఇళ్లలో ఒకదానిలో ఉండబోయే కుటుంబం ఆనాటికి ఏ అద్దె గదిలోనో, ఏ నిర్మాణ స్థలపు రేకుల షెడ్డులోనో ఉంటుంది. అభ్యంతరం తెలిపే దరఖాస్తులో పేరు తరువాతి గడి చిరునామా. విచారణాధికారి ముందుకు వచ్చే కాగితాలన్నిటిలోనూ ఆ గడి పూర్తిగా నింపి ఉంటుంది.