నయం కాని జబ్బు – మన ధర్మం

ఇడియోపతిక్ పల్మనరీ ఫైబ్రోసిస్ వచ్చినవారి ఊపిరితిత్తులు మచ్చలు కట్టి క్రమంగా గట్టిపడిపోతాయి. అమెరికాలో 2014లో అనుమతి పొందిన పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ మందులు జబ్బు వేగాన్ని తగ్గిస్తాయే గాని నయం చేయలేవు.

అలాంటివారిని పలకరిస్తూ కొందరు “అంతా పూర్వజన్మ కర్మ” అంటారు. మరికొందరు “ప్రాణాయామం చేస్తే పోతుంది” అంటారు. మొదటి మాట నింద. రెండోది నమ్మితే, తగ్గనందుకు కూడా రోగిదే తప్పవుతుంది.

ఒకరి గతకర్మ మనకు తెలియదు. మన కర్తవ్యం తెలుసు. ఆక్సిజన్ పెట్టుకున్నవారి దగ్గరికి హారతి పళ్ళెం తీసుకెళ్ళకండి, నిప్పంటుకునే ప్రమాదం ఉంది. తీర్థప్రసాదాలు వారి కుర్చీ దగ్గరికే తెచ్చివ్వండి. ధూపం తగ్గించండి. ఆయాసంతో వారు ఆగితే మీరూ ఆగండి. జబ్బు తగ్గకపోయినా, వారు పండుగకు దూరం కాకుండా చూడటం మన చేతిలోనే ఉంది.

అందరికీ దీపావళి శుభాకాంక్షలు!