పేరు మార్చిన ఫైలు

కృష్ణా తీరాన ఒక ఊళ్లో రిటైరైన మాస్టారు ఒకాయన ఉండేవారు. డల్లాస్‌లో ఉంటున్న మనవరాలు కూచిపూడి అరంగేట్రం చేసింది. వీడియో లింకు వచ్చింది గానీ మాస్టారి కళ్లకు ఫోను తెర ఆనదు. ఇంట్లో ఉన్నదల్లా పాత టీవీ, దాని కింద డీవీడీ ప్లేయరు. "ఇందులో చూపించండిరా" అన్నారు ఊళ్లో ఉన్న మనవలిద్దరితో.

పెద్దవాడు వీడియో డౌన్‌లోడ్ చేసి, ఉన్నదున్నట్టు డిస్కులోకి ఎక్కించి తెచ్చాడు. ప్లేయరు లిస్టులో ఫైలు పేరే రాలేదు. చివర ఉన్న ఎంకేవీ తీసేసి ఏవీఐ అని పెట్టి ఇంకో డిస్కు రాశాడు. ఈసారి పేరు కనిపించింది. మాస్టారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ప్లే నొక్కగానే ఈ ఫార్మాట్ చెల్లదంటూ తెర నల్లబడింది.

"దీని పని అయిపోయింది తాతయ్యా, పారేసి కొత్తది కొందాం" అన్నాడు.

వంటింట్లోంచి నాయనమ్మ అంది: "డబ్బా మీద చీటీ మారిస్తే లోపలి కందిపప్పు పెసరపప్పు అయిపోతుందిట్రా?"

ఆ మాట చిన్నవాడు పట్టుకున్నాడు. ఫైలును వీఎల్‌సీలో తెరిచి కోడెక్ వివరాలు చూశాడు. బొమ్మ హెచ్.264, శబ్దం ఏఏసీ. డీవీడీ ప్లేయర్లు అమ్మకానికి వచ్చింది 1996లో, హెచ్.264 పుట్టింది 2003లో. ఈ ప్లేయరులోని చిప్పు ఎంపెగ్-2 చదువుతుంది. ముందువైపు డివ్‌ఎక్స్ గుర్తుంది కాబట్టి పాతరకం ఎంపెగ్-4 కూడా చదువుతుంది. అంతకుమించి దానికి రాదు.

చుట్టాల ఇళ్లలోనూ ఆడేలా అసలు సిసలు డీవీడీయే చేద్దామనుకున్నాడు. డీవీడీస్టైలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో బొమ్మను ఎంపెగ్-2లోకి, శబ్దాన్ని ఏసీ-3లోకి మార్చాడు. మన పాల్ టీవీ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు పెట్టాడు. డిస్కు ఆడింది. కానీ తరంగంలో పళ్లెం అంచున నిలిచిన పిల్ల పాదాలు వేగం అందుకున్న చోటల్లా తడబడినట్టు కనిపించాయి. వేదిక మీద ఆ అమ్మాయి తడబడలేదు. అమెరికా వీడియోలో సెకనుకు దాదాపు 30 ఫ్రేములుంటాయి; ఆరింటికొకటి చొప్పున ఎగిరిపోయాయి. ప్లేయరూ టీవీ రెండూ అమెరికా టీవీ పద్ధతైన ఎన్‌టీఎస్‌సీ కూడా తీసుకుంటాయని చూసుకుని, 720×480 సైజులో 29.97 ఫ్రేములతో మళ్లీ చేశాడు. తక్కువ వేగంతో డిస్కు రాసి, ఫైనలైజ్ చేసి తెచ్చాడు. మాస్టారు ప్రతి జతికీ తొడ మీద తాళం వేస్తూ చివరిదాకా చూశారు.

నీతి: పేరు మార్చినంతలో సరుకు మారదు. అందుకునేవారి దగ్గర ఏముందో కనుక్కుని, దానికి తగ్గట్టు సిద్ధం చేసి ఇవ్వడం ఇచ్చేవాడి పని.

పెద్దవాడికి తాతయ్య మీద ప్రేమ తక్కువని కాదు. కొత్త ప్లేయరు కొనడమూ తప్పు కాదు. కానీ ఏళ్ల తరబడి చేతికి అలవాటైన రిమోట్‌ను లాగేసి, మెనూ తర్వాత మెనూ ఉన్న కొత్త పెట్టె ముందు కూర్చోబెడితే, చూడాల్సిన వీడియో కోసం కూడా పెద్దవాళ్లు మనల్నే బతిమాలుకోవాల్సి వస్తుంది. వాళ్లను ఆ స్థితికి తేకూడదని నా గట్టి నమ్మకం. వీడియోను డీవీడీగా మార్చడం మనం ఒక పూట కూర్చుంటే అయ్యే పనే. 4.7 జీబీ డిస్కులో రెండు గంటలకు మించి కుక్కితే బొమ్మ మసకబారుతుంది కాబట్టి నిడివి ఎక్కువైతే రెండు డిస్కులు చేయండి. డౌన్‌లోడ్ చేసిన అసలు ఫైలును మాత్రం చెరపకండి. డీవీడీ సైజుకు కుదించాక పోయిన స్పష్టత ఆ డిస్కు నుంచి మళ్లీ రాదు.