ఇన్నాళ్లూ ఏమీ కాలేదు

మనది పడవ ఎరుగని సీమ. చిత్రావతి, పాపాఘ్ని మన కొండల పక్కనే పుట్టినా ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకగానే ఉంటాయి. 'ఏరు దాటి తెప్ప తగలేసినట్టు' అని సామెత వాడతాం గాని, తెప్ప మీద ఏరు దాటినవాళ్లు మనలో ఎందరు? అయినా ఈ నెల పాత లాంచీల గురించి రాయాలనిపించింది. ఆ రేవులో ఉన్న ప్రశ్నే చింతామణి బస్టాండులోనూ ఉంది.

చాలా ఏళ్ల కిందట ఒక రాత్రి చింతామణిలో ఆఖరి బస్సు ఎక్కబోయాను. మెట్టు పక్కన రేకు తుప్పుపట్టి ఊడిపోయింది. దాని మీద చెక్క పరిచారు. కిందికి చూస్తే రోడ్డు కనిపిస్తోంది. "ఏమప్పా, ఈ బస్సు ఊరు చేరతాదా?" అని అడిగితే కండక్టరు నవ్వాడు. "ఇరవై ఏండ్లనుంచి తిరగతా ఉండాది సార్. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు. ఎక్కండి, ఎక్కండి!" ఎక్కాను. ఆ రాత్రీ ఏమీ కాలేదు. ఆ మాట అప్పుడు ధైర్యమిచ్చింది. ఇప్పుడు తలుచుకొంటే భయమేస్తుంది.

2018 మే 11న గోదావరిలో పాపికొండలకు బయలుదేరిన ఒక పర్యాటక బోటుకు దేవీపట్నం దగ్గర మంటలంటుకొన్నాయి. బోటును ఒడ్డుకు చేర్చడంతో అందరూ బతికారు. 'అదృష్టం' అనుకొన్నాం, మరిచిపోయాం. నాలుగు రోజులకు, మే 15న, అదే దేవీపట్నం మండలంలో మంటూరు దగ్గర కొండమొదలు నుంచి వస్తున్న లాంచీ గాలివానలో మునిగింది. అందులో ఎక్కువమంది గిరిజనులు. సిమెంటు బస్తాలు కూడా ఎక్కించారు. వాన జల్లు కొడుతోందని తలుపులు మూసుకొన్నారు. నీళ్లు వచ్చినప్పుడు ఆ తలుపులే అడ్డమయ్యాయి. ఇరవైమంది దాకా చనిపోయారు. మరుసటి ఏడు, 2019 సెప్టెంబరు 15న, వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర ఇంకో బోటు మునిగి యాభైమంది దాకా పోయారు. ఆ బోటును పైకి తీయడానికే నెల దాటింది.

ప్రమాదం జరిగిన ప్రతి పడవకూ ముందురోజు వరకు మంచి చరిత్రే ఉంటుంది. మన రికార్డులో చావులకు లెక్క ఉంటుంది. తప్పిపోయిన చావులకు ఉండదు. మే 11 నాటి మంట ఆ లెక్కలో సున్నా. కాని నిజానికి అది హెచ్చరిక. 'ఏమీ కాలేదు' అనేదీ 'భద్రంగా ఉంది' అనేదీ ఒకే మాట కాదు. మొదటిది నిన్నటి సంగతి, రెండోది నేటి సంగతి. పైగా పడవ ప్రతి ప్రయాణంలో కొంత అరుగుతుంది. పదివేలసార్లు ఏరు దాటిన పడవ అని గొప్పగా చెప్పినప్పుడు, అన్నిసార్లు అరిగిన పడవ అని కూడా చెప్పినట్టే.

ఇంగ్లీషు గణితవేత్త విలియం క్లిఫర్డ్ 1877లో ఒక వ్యాసంలో ఇలాంటి ఓడ యజమానిని ఊహించాడు. ఓడ పాతది, మరమ్మతు చేయించాలన్న అనుమానం యజమానికి కలుగుతుంది. కాని ఇంతకాలం ఎన్ని తుఫాన్లు తట్టుకోలేదని తనకు తానే నచ్చజెప్పుకొంటాడు. ఓడ మునుగుతుంది. అతను మనస్ఫూర్తిగా నమ్మినా దోషే అంటాడు క్లిఫర్డ్. ఓడ క్షేమంగా చేరివున్నా దోషం అంతే అంటాడు. ఎందుకంటే ఆ నమ్మకాన్ని అతను పరీక్షించి సంపాదించుకోలేదు.

నాకు ఇక్కడ ఒక చిక్కు కనిపిస్తుంది. ఆ యజమాని ఒడ్డున ఉన్నాడు. మా కండక్టరు మాత్రం రోజూ ఆ బస్సులోనే తిరిగేవాడు. సరంగు కూడా అదే లాంచీలో ఉంటాడు. వాళ్లు మోసగాళ్లు కారు. తమ ప్రాణాన్నే పందెం వేశారు. కాని ప్రాణం పందెం వేసినంత మాత్రాన ఇనుము గట్టిపడదు. నిజాయితీ వేరు, తనిఖీ వేరు.

"చూసుకొని ఎక్కాల్సింది వాళ్లే కదా" అనేవాళ్లూ ఉన్నారు. 2002 జూలై 27న కేరళలో ముహమ్మ నుంచి కుమరకం వెళ్లే ప్రభుత్వ బోటు మునిగి 29 మంది పోయారు. వాళ్లలో చాలామంది ఉద్యోగ పరీక్ష రాయడానికి బయలుదేరినవాళ్లు. బోటు కిక్కిరిసి ఉందని దిగిపోతే పరీక్ష పోతుంది. 2023 అక్టోబరు 26 పొద్దున చిక్కబళ్లాపురం దగ్గర, ఆగివున్న ట్యాంకరును ఢీకొన్న సుమోలో కిక్కిరిసి ప్రయాణిస్తూ పోయిన 13 మంది సంగతి మనకు దూరం కాదు. ఎక్కువమంది ఆంధ్ర వైపు నుంచి బెంగళూరుకు పనికి పోయేవాళ్లు. ఒప్పుకొని ఎక్కడమంటే రెండుండాలి: నిజం తెలిసుండాలి, వేరే దారి ఉండాలి. రెండూ లేనిచోట టికెట్టును ఒప్పందం అనలేం.

అయితే పాతవన్నీ ఆపేద్దామా? అదీ న్యాయం కాదు. లాంచీ ఆగితే కొండమొదలు మనిషికి ఆసుపత్రి దూరమౌతుంది. మన రాష్ట్రంలోనే శరావతి వెనుకజలాల్లో, లింగనమక్కి ఆనకట్ట కట్టాక దారి మునిగిన ఊళ్లకు దశాబ్దాలపాటు అంబారగోడ్లు - కళసవళ్లి లాంచీయే రోడ్డు. నీళ్లు తగ్గితే వాహనాలు ఎక్కవు, రాత్రయితే లాంచీ లేదు. 2025 జూలైలో గాని వంతెన తెరవలేదు. అన్నేళ్లు ఆ లాంచీని 'పాతది' అని ఆపివుంటే, ఆపినవాళ్లు క్షేమంగా ఉండేవారు. ఆ ఊళ్లవాళ్లు కాదు. ప్రమాదం జరిగిన మర్నాడు అన్నీ నిలిపేసి, నెల తర్వాత అన్నీ వదిలేయడం మనకు అలవాటు. ఆ రెండింటిలోనూ పరీక్షించి చూసే పని లేదు.

నాకు తోచింది చిన్నది. ప్రతి రేవులో, ప్రతి బస్సు తలుపు మీద అందరూ చదవగల భాషలో ఒక పలక ఉండాలి: దీని వయసెంత, ఎందరిని మోయగలదు, చివరిసారి విప్పి చూసింది ఎప్పుడు, కొద్దిలో తప్పిన ప్రమాదాలు ఎన్ని. ఆ లెక్క ఆఫీసు బీరువాది కాదు, ఎక్కేవాడిది.

మళ్లీ ఆ ఆఖరి బస్సు వస్తే ఎక్కుతానా? వేరే బస్సు లేకపోతే ఎక్కుతాను, అబద్ధమెందుకు? కాని కండక్టరు నోట ఈసారి ఇంకో మాట వినాలని ఉంది: "మొన్న విప్పి చూసినాము సార్, బాగుండాది."