పరధనం, ప్రవేశాధికారం

ఒకరి సొత్తు మరొకరి చేతిలో ఉన్నప్పుడు పుట్టే బాధ్యతను ధర్మశాస్త్రాలు నిక్షేపం, అంటే దాచమని అప్పగించిన సొత్తు, అనే శీర్షిక కింద విచారించాయి. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు లెక్కచూపి ఇచ్చినదాన్ని నిక్షేపమనీ, లోపల ఏముందో చెప్పక ముద్రవేసి ఇచ్చినదాన్ని ఉపనిధి అనీ వేరుచేశాడు. రాజు, దైవం, దొంగల వల్ల అది పోతే దాచినవాడు చెల్లించనక్కరలేదు గాని, అనుమతి లేకుండా వాడుకుంటే మాత్రం దండ్యుడని స్మృతి నిర్ణయించింది.

హైదరాబాదు ఇంజనీర్లు విదేశీ బ్యాంకుల సర్వర్లను నిర్వహించే అవుట్‌సోర్సింగ్ ఒప్పందాల్లో ఈ బాధ్యత ప్రశ్న మరింత చిక్కుపడుతుంది, ఎందుకంటే అక్కడ సొత్తు యజమాని వద్దే ఉండి, దానిలోకి ప్రవేశం మాత్రమే పరుల చేతికి వస్తుంది, పైగా ఆ సొత్తు సమాచారమైనప్పుడు ఊరికే చూడటం కూడా వాడుకోవడమే కావచ్చు. కనుక ఐటీ మౌలిక సదుపాయాలంటే సర్వర్లు, నెట్‌వర్కులేనా, బ్యాకప్ ప్రతులూ, పాస్‌వర్డులూ, ఎవరెప్పుడు ఏం చేశారో నమోదుచేసే లాగ్‌లూ అందులో చేరతాయా అన్నది ఒప్పందంలోనే తేలాలి; ఈ నిర్వచనం వదులుగా ఉంటే తక్కిన షరతులన్నీ వ్యర్థమే.

పనికి అవసరమైనంత అధికారమే ఇవ్వాలనే కనిష్ఠాధికార సూత్రాన్ని కంప్యూటర్ శాస్త్రవేత్తలు సాల్ట్‌జర్, ష్రోడర్ తమ 1975 నాటి వ్యాసంలో వివరించారు. దీన్ని అవిశ్వాసానికి గుర్తుగా చదవడం తొందరపాటు: తప్పు చేసే అవకాశమే లేనివాడిపై అనుమానం నిలవదు, అయితే అనుమానం నుంచి ఆ రక్షణ నిజం కావాలంటే లాగ్‌లను చెరిపే అధికారం నిర్వాహకుడికి ఉండకూడదు. ఒప్పందం ముగిసిన రోజే ఖాతాలను రద్దుచేయవచ్చు గాని, ఇంజనీరు తెలుసుకున్నదాన్ని తిరిగి తీసుకునే మార్గం లేదు కాబట్టి, గోప్యతా నిబంధన ఒప్పందం ముగిశాక కూడా అమలులో ఉండేలా రాస్తారు.