సందేహం ఎవరి ఖాతాలో?

నేను చదివింది బి.కాం. మొక్కల సంగతి మాట్లాడే అర్హత నాకు లేదు. అయినా హోసూరు దగ్గరి ఒక రైతు వేసిన ప్రశ్న కొన్నేళ్ళుగా నన్ను వదలడం లేదు.

ఆయన తోట మీదుగా హై టెన్షన్ లైను పోతుంది. తీగల కింది చెట్లు కొట్టేయగా, అంచున మిగిలిన మామిళ్ళు పూస్తున్నా పిందె నిలవడం లేదట. "ఆ కరెంటు వల్లే కదా సార్?" అన్నాడు. "అట్లా రుజువేమీ లేదు పెద్దాయనా" అన్నాను. అదే వారం అప్పు కోసం ఆయన భూమికి విలువ కట్టినప్పుడు, లైను ఉందని తగ్గించి సంతకం పెట్టిందీ నేనే.

నేను అబద్ధం చెప్పలేదు. మన 50 హెర్ట్జ్ కరెంటు చుట్టూ ఉండే క్షేత్రానికి, ఎక్స్ రే లాగా డి.ఎన్.ఎ. బంధాలను తెంచే శక్తి లేదు. మొక్కల మీద జరిగిన ప్రయోగాలు ఒకదానితో ఒకటి పొసగవు. అయితే 2023లో చిలీ దేశంలో కొందరు శాస్త్రజ్ఞులు కరెంటు పారే టవర్లనూ, పారని టవర్లనూ పోల్చి చూశారు. పారే టవర్ల దగ్గర గసగసాల కుటుంబపు పువ్వుల మీద తేనెటీగలు తక్కువగా వాలాయి, గింజలూ తక్కువే కట్టాయి. అక్కడ దెబ్బ పువ్వుకు కాదు, పువ్వుకూ ఈగకూ ఉన్న రాకపోకలకు. మామిడికి ఆ పని ఎక్కువగా చేసేవి మామూలు ఈగలు. కనుక చిలీ లెక్కను ఇక్కడికి ఎత్తి రాయలేం. ఒకవేళ పుప్పొడిలో జన్యువు మారినా ఆ మార్పు ఉండేది టెంకలోని గింజలో. కండ తల్లిచెట్టుదే. అంటు మొక్కలే నాటే మనం ఆ గింజను పారేస్తాం. ఏ పుస్తకంలోనూ ఎక్కని నష్టం!

బ్యాంకులో ఒక పద్ధతి ఉంది. బాకీ మునిగిందని తేలకపోయినా, సందేహం కలిగితే చాలు, లాభంలోంచి కొంత తీసి పక్కన పెట్టాలి. లాభం పొందేవాడే సందేహాన్నీ మోయాలి. లైను విషయంలో? కేంద్ర విద్యుత్ శాఖ 2024 జూన్ మార్గదర్శకాలు టవరు కింది భూమికి విలువలో 200 శాతం, తీగల దారికి 30 శాతం పరిహారమన్నాయి. మంచిదే. ఆ దారికి అవతల నిలిచిన చెట్టుకు మాత్రం ఏమీ లేదు. రుజువు తెమ్మంటాం, అదీ రైతునే. ఆ కరెంటుతో తిరిగే ఫ్యాను కింద కూర్చుని.

మొన్న మార్చిలో ఆ తోటకు వెళ్ళాను. పంపుసెట్టు గది గోడ మీద బొగ్గుతో గీతలు: లైను పక్క నాలుగు చెట్లు, దూరంగా నాలుగు చెట్లు, ఏటేటా నిలిచిన పిందెల లెక్క.

"ఏం తేలింది?" అన్నాను.

"మూడేండ్లే కదా సార్ అయింది" అన్నాడు.